చాటు ఎవరికి, సోదా ఎవరికి

'ప్రైవసీ'కి తెలుగులో సరైన మాట లేదని తరచూ వింటుంటాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పాక 'వ్యక్తిగత గోప్యత' అన్న మాట స్థిరపడింది. గోప్యత అంటే దాచడం. దాచేవాళ్ళ దగ్గర ఏదో తప్పుంటుందన్న అనుమానం ఆ మాటలోనే ఉంది. నిజానికి మనకు వేరే మాటలు లేకపోలేదు. చాటు, మరుగు, గుట్టు, ఘోషా అన్నీ ఉన్నాయి. అయితే ఇవన్నీ ఆడవాళ్ళ చుట్టూ తిరిగే మాటలు. చాటు ఆడదానికి కావాలి, గుట్టు ఆడది కాపాడాలి. లంక గుట్టు చెప్పింది విభీషణుడే అయినా 'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్న సామెతను మనం వాడేది ఎక్కువగా ఆడవాళ్ళ నోరు మూయించడానికే. హక్కు అనదగ్గ అర్థం ఈ మాటల్లో దేనికీ లేదు. ఇవి పరువుకు సంబంధించినవి, ఆ పరువు కూడా కుటుంబానిది.

ప్రజల భద్రత కోసం రాజ్యం సోదాలు చేయవచ్చా, చేస్తే ఎంతవరకు, వ్యక్తి స్వేచ్ఛ ఎక్కడ మొదలవుతుంది అన్న చర్చ జరిగినప్పుడల్లా నాకు ఈ మాటలే గుర్తొస్తాయి. ఆ చర్చలో 'వ్యక్తి' అనగానే గడప, తలుపు, గడియ ఉన్న ఇంటి యజమాని కళ్ళముందు నిలబడతాడు. నేను పుట్టి పెరిగిన పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల వైపు నుంచి, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి చూస్తే ఈ బొమ్మ నిలవదు. ఇది సరిహద్దు సీమ. ఒక పక్క ఒకప్పటి మైసూరు సంస్థానం, ఇప్పటి కర్ణాటక; కుప్పానికి ఇంకో పక్క తమిళనాడు. ఇక్కడ సోదా జరిగేది తలుపు దగ్గర మాత్రమే కాదు. గంపలో, బస్సులో, రైల్లో, గుడిసెలో కూడా జరుగుతుంది. అక్కడున్నది చాలాసార్లు ఆడమనిషే.

ముందు చట్టం మాట చూద్దాం. బ్రిటిష్‌వాళ్ళ 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 48వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. పోలీసులు ఎవరినో అరెస్టు చేయడానికి ఇంట్లో వెతుకుతున్నప్పుడు ఆచారం ప్రకారం నలుగురిలోకి రాని స్త్రీ ఉండే గది తగిలితే, ఆమె పక్కకు వెళ్ళిపోవచ్చని ముందు చెప్పాలి, వెళ్ళడానికి వీలు కల్పించాలి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి. 1973 కోడ్‌లో ఇదే 47వ సెక్షన్ అయింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 44వ సెక్షన్. నూట పాతికేళ్ళలో రాజ్యాంగం వచ్చింది, ఓటు వచ్చింది, ఆస్తి హక్కు వచ్చింది. 'ఆచారం ప్రకారం నలుగురిలోకి రాని స్త్రీ' మాత్రం అలాగే ఉంది. స్త్రీ ఒంటిని స్త్రీయే, మర్యాదకు లోటు రాకుండా సోదా చేయాలన్న నియమం కూడా 1898 కోడ్‌లో 52వ సెక్షన్‌గా ఉన్నదే.

ఈ రెండూ మంచి నియమాలు కావా అని అడగవచ్చు. రెండోది మంచిదే, పాటించినప్పుడు. మొదటిదాన్ని కాస్త నిదానంగా చదవాలి. అక్కడ ఆగమని పోలీసుకు చెప్పింది ఆ స్త్రీ మనిషి అయినందుకు కాదు, బయటికి రానందుకు. బయటికి వచ్చే స్త్రీకి, రాకపోతే పూట గడవని స్త్రీకి ఆ మినహాయింపు లేదు. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉన్న ఈ నేల మీద ఒకే కాలంలో కోట గోడల లోపలి ఆడవాళ్ళూ ఉన్నారు, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఎరుకల ఆడవాళ్ళూ ఉన్నారు. చట్టం మొదటివాళ్ళకు తప్పుకోవడానికి దారి ఇచ్చింది. రెండోవాళ్ళ కోసం వేరే చట్టమే తెచ్చింది.

అది క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే. మన దగ్గర ఎరుకలవాళ్ళుగా, తమిళ సీమలో కొరవలుగా పిలవబడే సంచార జాతి మీద ఈ చట్టం బరువు ఎక్కువగా పడింది. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర, పేర్ల నమోదు, వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాల్సిన అగత్యం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వేరే చోట పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు మనందరికీ తెలుసు. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకం 'డిసానర్డ్ బై హిస్టరీ'లో చూపించినట్టు, కొరవలు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద మోసుకెళ్ళి అమ్ముకున్న వర్తకులు. ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్ళు కలిసి ఆ బతుకుతెరువును చంపాయి. బతుకుతెరువు పోయిన సంచారిని ప్రభుత్వం అనుమానితుడని రాసుకుంది.

ఆ కాలపు పోలీసు రాతల్లో ఎరుకల ఆడది ఎలా కనిపిస్తుందో చూస్తే సోదా వెనక ఉన్న మనసు తెలుస్తుంది. సోది చెప్పడం ఆమె వృత్తి అని ఊరుకోరు. ఇళ్ళ ఆనుపానులు కనిపెట్టడానికి వేసిన ఎత్తు అంటారు. గంప అల్లినా, సోది చెప్పినా, బిడ్డను చంకనెత్తుకున్నా అన్నిటి కిందా దొంగసొత్తు ఉందనే చూపు. 'ఎరుక' అంటే తెలిసి ఉండటం. ఇతరుల బతుకుల గుట్టు చెప్పగలిగే స్త్రీకి తన గుట్టంటూ ఒకటి ఉండనివ్వలేదు. పుంగనూరు దగ్గరి ఒక ఎరుకల కాలనీలో నేను మాట్లాడిన ఒక అవ్వ, తన తల్లి చెప్పిన సంగతులు చెప్పింది. "యాడ దొంగతనం జరిగినా మొదట మా గంపలే దులిపేవోళ్ళంట పాపా. పురుడు పోసుకున్న మనిషిని గూడా బయటికి రమ్మని గుడిసె యెతికినారంట." ఈ మాటకు రికార్డు ఎక్కడా దొరకదు. వారెంటు లేని సోదాకు కాగితం ఎందుకుంటుంది?

మద్రాసు రాజధానిలో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. అంతకు ముందే 1948లో మద్రాసులో అలవాటుగా నేరం చేసేవాళ్ళ మీద ఒక చట్టం వచ్చింది. 1962లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకుంది. జాతి పేరు పోయి వ్యక్తి పేరు వచ్చింది. చూపు మారిందా అన్నది ఆ కాలనీల వాళ్ళనే అడగాలి.

ప్రజల క్షేమం పేరుతో ఆడవాళ్ళ ఒంటి మీదికి వచ్చిన ఇంకో సోదా ప్లేగునాటిది. 1897 ఎపిడెమిక్ డిసీజెస్ యాక్టు తర్వాత రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని దింపి చంకలు, గజ్జలు తడిమి చూసేవారు. పూనాలో ఇళ్ళలోకి సైనికులు చొరబడినందుకు ర్యాండ్ హత్య జరిగిందని మనం చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. అదే సమయంలో ప్లేగు ఆస్పత్రుల్లో ఆడపిల్లల గతి ఏమిటని పండిత రమాబాయి ప్రభుత్వాన్ని బాహాటంగా నిలదీసిందన్నది అంతగా చదువుకోలేదు. మగవాళ్ళ కోపం 'మా ఆడవాళ్ళను తాకుతారా' అన్నది. రమాబాయి అడిగింది ఆ పిల్లకు ఏం జరిగిందని. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కావు.

మదనపల్లెకు వద్దాం. ఈ ఊరి పేరు చెప్పగానే 1919 ఫిబ్రవరిలో టాగోర్ బిసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉండి 'జనగణమన'ను ఇంగ్లీషు చేయడం, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కూర్చడం చెబుతారు. పాట మాస్టరమ్మగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం మార్గరెట్‌కు అన్యాయం. ఆమె ఐర్లాండు నుంచి వచ్చిన ఓటుహక్కు పోరాటకారిణి. 1910లో లండన్ హాలోవే జైల్లో, 1913లో ఐర్లాండులోని టల్లమోర్ జైల్లో ఉండి వచ్చింది. హాలోవేలో ఆమె తోటి పోరాటకారిణులను 1913లో జైలు ఆవరణలో నడుస్తుండగా దొంగచాటుగా ఫోటోలు తీసి మ్యూజియాలకు, పోలీసులకు పంచిపెట్టారు. ఒకామె ఫోటోకు నిలబడనని పెనుగులాడితే మెడ చుట్టూ ఉన్న వార్డరు చేతిని ఫోటోలోంచి చెరిపేశారు కూడా. రహస్య కెమెరా నిఘా చరిత్రలో మొదటి పేజీల్లో ఉన్నది ఓటు అడిగిన ఆడవాళ్ళు. టాగోర్ మదనపల్లె వచ్చి వెళ్ళిన కొద్ది వారాలకే, 1919 మార్చిలో, రౌలట్ చట్టం వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించడానికి, ప్రభుత్వం ఎక్కడంటే అక్కడ సోదా చేయడానికి అది దారి ఇచ్చింది. 1932లో భావ ప్రకటన మీద ఆంక్షలు పెట్టిన ఆర్డినెన్సులను వ్యతిరేకించి మార్గరెట్ వేలూరు జైలుకు వెళ్ళింది. మద్రాసు రాజధానిలో ఆనరరీ మేజిస్ట్రేటు కుర్చీలో కూర్చున్న స్త్రీ, పదేళ్ళకు అదే రాజధాని జైల్లో కూర్చుంది.

ఇంతవరకు చెప్పిందంతా పరాయి పాలకుల కథ. అందరికీ ఇబ్బంది లేని కథ. ఇబ్బంది 1938లో మొదలవుతుంది.

1937 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడు, 1938 అక్టోబరులో, చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే మద్యనిషేధం చూసిన మొదటి తెలుగు జిల్లాల్లో మనదొకటి. 1948 నాటికి రాజధాని మొత్తానికి వచ్చింది. ఇది స్త్రీల మేలు కోరి చేసిన చట్టం అనడంలో అబద్ధం లేదు. తాగి కొట్టే మొగుడున్న ఇంట్లో అది మేలే. కానీ సారా కాచే కుండ ఎవరింట్లో ఉంటుంది? ఊరి చివర పేద ఇంట్లో. పొయ్యి దగ్గర కూర్చునేది ఎవరు? సోదాకు వస్తున్నారంటే మగవాళ్ళు చేలల్లోకి పరిగెత్తగలరు. చంటిబిడ్డ ఉన్న ఆడది ఎక్కడికి పోతుంది? ఒక స్త్రీని కాపాడటానికి ఇంకో స్త్రీ గుడిసె తలుపు తన్నవలసి వచ్చింది. ఈ ముడిని విప్పడం తేలికని నేననుకోను.

1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం చిత్తూరు జిల్లాకూ వచ్చింది. ఈసారి సోదా చేసింది ఆడవాళ్ళే. ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు, బండ్లు ఆపారు, ప్యాకెట్లు కాలవల్లో పోశారు. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరి 16న మొత్తం మద్యం నిషేధించారు. 1997లో ఎత్తేశారు. మనం ఆ ఉద్యమాన్ని ఎన్నో విధాల రాసుకున్నాం గానీ, రాజ్యాన్ని మన వాకిట్లోకి రమ్మని మనమే పిలిచిన సందర్భంగా దాన్ని చూడటానికి ఇంకా జంకుతున్నాం. 1983లో 498ఎ కోసం, 2005లో గృహహింస చట్టం కోసం కూడా మనం అడిగింది అదే. గడప దాటి లోపలికి రండి, లోపల మనిషి చచ్చిపోతోంది అని. 'మా ఇంటి విషయం' అన్న మాట వెనక ఎన్ని శవాలు దాగాయో తెలిసినవాళ్ళం, ఇంటి గోప్యతను కళ్ళు మూసుకుని పూజించలేం.

2019 తర్వాత రాష్ట్రంలో మద్యం ధరలు పెరిగి, సరిహద్దు అవతలి కర్ణాటక టెట్రా ప్యాకెట్లు ఇటు రావడం మొదలయ్యాక, 2020లో ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో పెట్టారు (2024లో ఎత్తేశారు). ఆ రోజుల్లో కర్ణాటక వైపు నుంచి కుప్పం వస్తున్న బస్సును ఒకచోట ఆపారు. ఎక్కినవాళ్ళలో ఒకడు మఫ్టీలో ఉన్నాడు, ఏ శాఖో చెప్పలేదు. నా సంచి తీసుకుని జిప్పు లాగి, శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్టు పైకి తీసి, నొక్కి చూసి, సీటు మీద పడేసి ముందుకు వెళ్ళాడు. ఆడ కానిస్టేబులు లేదు. సంచీ ఒళ్ళు కాదు కాబట్టి నియమం తప్పినట్టు కాదేమో! నా పక్కన బెంగుళూరు గార్మెంట్స్‌లో పనిచేసే అమ్మాయి, తన టిఫిన్ క్యారియరు మూతలు తనే తీసి పట్టుకుంది, అడగకముందే. "దినామూ ఇదే అక్కా," అంది. నాకు కలిగిన అవమానం ఆమెకు కలిగినట్టు లేదు. కలిగినా దాన్ని అలవాటు మింగేసింది. అదే సాయంత్రం ఆమె ఊళ్ళో ఆడవాళ్ళతో కూర్చుంటే, చెక్‌పోస్టులు చాలడం లేదని, ఇంకా గట్టిగా పట్టుకోవాలని వాళ్ళు నాతో వాదించారు. ఆ వాదనను పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు.

కోర్టులు ఏమన్నాయి? రాత్రిపూట అనుమానితుల ఇళ్ళ తలుపులు తట్టడం గురించి 1962 డిసెంబరులో ఖరక్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తట్టడం చెల్లదంది గానీ, ప్రైవసీ హక్కు రాజ్యాంగంలో లేదంది. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు. వ్యక్తి స్వేచ్ఛలో ప్రైవసీ విడదీయలేని భాగమని ఆయన రాసిన అసమ్మతి తీర్పే 55 ఏళ్ళ తర్వాత పుట్టస్వామి కేసులో నిలిచింది. ఇంకో మన రాష్ట్రపు కేసు స్టాంపు చట్టానిది. 1986 సవరణతో, కలెక్టరు పంపిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్ళి కాగితాలు చూసి పట్టుకుపోవచ్చన్నారు. 2004లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ప్రైవసీ స్థలానిది కాదు, మనిషిదని చెప్పిన మంచి తీర్పు అది. బ్యాంకు బీరువాలో కాగితాలకు దొరికినంత రక్షణ సారా గుడిసెలోని అటకకు ఎప్పుడు దొరుకుతుందో మరి.

ఈ తీర్పులన్నిటికంటే నాకు ముఖ్యమైనది 1983 నాటి సరిత కేసు. సినిమా నటి సరితకు 1975 డిసెంబరులో తిరుపతిలో పెళ్ళయింది. అప్పటికి ఆమె బడికి పోయే పిల్ల. విడిపోయాక భర్త కడప సబ్‌కోర్టులో దాంపత్య హక్కుల పునరుద్ధరణ కోరాడు. ఆమె ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది. జస్టిస్ పి.ఎ.చౌదరి హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీని కోర్టు ఉత్తర్వుతో పడకగదికి పంపడం ఆమె ఒంటి మీద ఆమెకున్న హక్కును, ప్రైవసీని రాజ్యమే హరించడమన్నారు. అప్పటిదాకా ప్రైవసీ అంటే పోలీసు బయటే ఉండాలన్నంత వరకే. లోపలున్న స్త్రీకి లోపలివాళ్ళ నుంచి కూడా ప్రైవసీ కావాలని చెప్పిన మొదటి తీర్పు ఇదే అనుకుంటాను. దాంపత్యంలోకి రాజ్యాంగాన్ని తేవడం పింగాణీ కొట్టులోకి ఆంబోతును తోలినట్టని ఢిల్లీ హైకోర్టు దీనికి వ్యతిరేకంగా అంది. 1984లో సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ వాదాన్నే సమర్థించింది. 2017 తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ ప్రైవసీ పితృస్వామ్యానికి ముసుగు కాకూడదన్న స్త్రీవాదుల మాటను గుర్తించారు. 9వ సెక్షన్ మాత్రం పుస్తకంలోనే ఉంది.

ఇక సోదాకు అడవిలో పేరు కూంబింగ్. మా పడమటి మండలాలకు చాలా దూరం, కానీ దాన్ని తప్పించి ఈ వ్యాసం రాయలేను. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున విశాఖ జిల్లా జి.మాడుగుల మండలం వాకపల్లికి గ్రేహౌండ్స్ దళం గాలింపుకు వెళ్ళింది. 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు తమ మీద సామూహిక అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేశారు. ఆ 11 మంది ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2017లో సుప్రీంకోర్టు విచారణ జరిపి తీరాలంది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా చేయనందువల్ల అని చెబుతూ, బాధితులకు పరిహారం ఇవ్వమంది. తెల్లవారుజామున మగవాళ్ళ దళం ఆడవాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళలోకి వెళ్ళినప్పుడు, స్త్రీని స్త్రీయే సోదా చేయాలన్న 1898 నాటి నియమం ఎక్కడుంది? ఆచారం ప్రకారం నలుగురిలోకి రాని స్త్రీలు కారు కదా వాళ్ళు. పొలాల్లోకి వస్తారు, సంతకు వస్తారు.

భద్రత అనే మాట ఎప్పుడూ నెపమే అనను. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ తొక్కిసలాటలో ముగ్గురు ఆడవాళ్ళు చనిపోయారు. మర్నాడే ప్రభుత్వం 1861 పోలీసు చట్టం ఆసరాతో రోడ్ల మీద సభలు కట్టడి చేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది. జనవరి 4న కుప్పంలో అప్పటి ప్రతిపక్ష నేత పర్యటనకు అది అడ్డుపడింది. మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. పార్టీలు దీన్ని పార్టీల గొడవగానే మాట్లాడాయి. కానుకల సంచి కోసం క్యూలో నిలబడి చనిపోయిన ముగ్గురు ఆడవాళ్ళు జీవో రాసినవాళ్ళకూ, కొట్టించినవాళ్ళకూ ఒక కారణంగా మాత్రమే ఉపయోగపడ్డారు.

2024 నాటి కొత్త సంహితలో 105వ సెక్షన్ నాకు ఆశనూ, గుబులునూ కలిపి ఇస్తోంది. ఇక మీద ప్రతి సోదానూ వీడియో తీయాలి, మొబైల్ ఫోనుతోనైనా సరే. మధ్యవర్తుల సంతకాల దాకా అందులో ఉండాలి. ఎరుకల అవ్వ తల్లి కాలంలో ఇది ఉండి ఉంటే ఆ గుడిసె సోదాకు ఒక రుజువు మిగిలేది. అయితే ఆ రోజు ఆ గుడిసెలో పురిటి మంచం మీద ఉన్న మనిషి కూడా వీడియోలో ఉండేది. తీసిన వీడియోను జాప్యం లేకుండా జిల్లా మేజిస్ట్రేటుకో, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకో, ఫస్టు క్లాసు జుడీషియల్ మేజిస్ట్రేటుకో పంపాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఇంటివాళ్ళకు ఒక ప్రతి ఇవ్వాలని, ఎన్నాళ్ళు ఉంచాలో, ఎవరు చూడవచ్చో ఆ సెక్షన్‌లో లేదు. మదనపల్లె డివిజన్‌లో సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు అంటే సబ్‌కలెక్టరే. కొత్త సంహిత అమల్లోకి వచ్చిన మూడు వారాలకు, 2024 జూలై 21 రాత్రి, మదనపల్లె సబ్‌కలెక్టరు ఆఫీసు తగలబడింది. భూముల ఫైళ్ళు కాలిపోయాయి.